శుభలేఖల వరిచేను

“కాగితం ముక్కలు అతికిస్తారటగా?” అని ఎవరైనా అడిగితే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. అతికించడమేనా? పోస్టుకార్డులో సగం ఉండే అట్ట మీద కాలవ, వరిచేను, చేలో కొంగలు, గట్టు మీద సైకిల్ తొక్కుకుంటూ పోయే మనిషి రావాలి. ఆ మనిషి భుజాన తువ్వాలు కూడా ఉండాలి. ఆకాశం, కాలవ నీళ్ళు రంగులతో వేసేదాన్ని, మిగతాదంతా కాగితమే. గోళ్ళ కత్తెర, సగం విరిచిన బ్లేడు, మైదా జిగురు దగ్గర పెట్టుకుని ఊపిరి బిగబట్టి చేసే పని అది. ఎవరైనా వచ్చి ఫ్యాను వేశారంటే నా కొంగలన్నీ మంచం కిందికి ఎగిరిపోయేవి.

తొంభైల చివర్లో మేము నిడదవోల్లో ఉండేవాళ్ళం. రంగు కాగితాల కోసం కొట్ల చుట్టూ తిరిగే పని లేదు, ఇంటికొచ్చే శుభలేఖలే చాలు. బంగారు పూత, వెల్వెట్టు, మెరుపు కాగితం అన్నీ వాటిలోనే దొరికేవి. అన్నిటికంటే నాకు కావలసింది మూలల్లో పెట్టే పసుపు. ఎన్ని రంగులు కలిపినా కోతకొచ్చిన చేను రంగు రాలేదు. పసుపంటిన మూలని సన్నగా చీల్చి అతికిస్తే ఠక్కున వచ్చేసింది.

అత్తగారితో పేచీ అక్కడే. ఆవిడ ఒక్క శుభలేఖని కూడా పారేయనిచ్చేవారు కాదు. అన్నీ దాచి, మూట కట్టి గోదాట్లో కలపాల్సిందే. నా చేతిలో కత్తెర చూసి గుండెలు బాదుకున్నారు.

“పెళ్ళి కాగితం మీద కత్తెరేంటమ్మాయ్? అశుభం కాదూ?”

నేనూ తగ్గలేదు. నెల్లాళ్ళు ఇద్దరం మూతులు ముడుచుకుని తిరిగాక రాజీ కుదిరింది. దేవుడి బొమ్మ, వధూవరుల పేర్లు ఉన్న ముక్కలు గోదారికి, మిగతాది నాకు.

ఓసారి రాజమండ్రిలో ఆడవాళ్ళ క్లబ్బొకటి పెయింటింగుల ప్రదర్శన పెట్టింది. నా వరిచేనుకి ఫ్రేము కట్టించాను. అది అసలైన పెయింటింగుల పక్కన గోడ మీద వేలాడాలి, అంతే నా కోరిక. మూట కలిపే పని ఉందని అత్తగారూ బయల్దేరారు. పాసింజరు వంతెన ఎక్కగానే తలుపు దగ్గరికెళ్ళి మూట నీళ్ళలోకి విడిచి దణ్ణం పెట్టుకున్నారు.

హాల్లో నిర్వాహకురాలు నా ఫ్రేము అటూ ఇటూ తిప్పి, “దేంతో చేశారండి?” అంది. శుభలేఖలని చెప్పాను.

“అయితే ఆ బల్ల మీద పెట్టేయండి” అని ఓ మూల చూపించింది.

బల్ల మీద ‘వ్యర్థాలతో కళ’ అని రాసిన అట్ట ఉంది. కొబ్బరిచిప్ప కోతులు, పగిలిన గాజుల పూలకుండీలు, వాటి మధ్య కాస్త ఖాళీ. అవమానంతో నా కళ్ళు నిండిపోయాయి. ఇంట్లో అంత నోరున్న దాన్ని, ఫ్రేము అందుకుని ఆ కోతుల పక్కన పెట్టబోయాను.

వెనక నుంచి అత్తగారు ముందుకొచ్చారు.

“ఏంటండీ? శుభలేఖలు వ్యర్థాలా? మీ ఇంట్లో పెళ్ళికి పసుపు పెట్టి పంచలేదాండి? వాటిని ఎవరైనా చెత్త అంటే మీరు ఊరుకుంటారా?”

హాల్లో వాళ్ళందరూ మావైపు తిరిగారు. నిర్వాహకురాలు నాలిక్కరుచుకుంది. “అయ్యో, నా ఉద్దేశం అది కాదండీ” అంటూ లెంపలేసుకున్నంత పని చేసింది. ఆ మాట పడ్డాక ఆ బల్ల మీద పెట్టమనే ధైర్యం ఇంకెవరికుంటుంది? అప్పటికప్పుడు మనిషిని పిలిచి, గోడ మీద రెండు పెద్ద ఆయిల్ పెయింటింగుల మధ్య మేకు కొట్టించింది.

బహుమతి ఇంకెవరికో వచ్చింది. నాకు చీమ కుట్టినట్టయినా లేదు. పెద్ద బొమ్మల్ని దూరం నుంచే చూసేసి పోతున్నవాళ్ళు నా దాని దగ్గరికొచ్చి, ముక్కు ఆనించేంతగా వంగి చూస్తున్నారు. గర్వంతో నేను నేల మీద లేను. ఒకావిడ కాగితమో కాదో తేల్చుకుందామని చేలోకి వేలు పెట్టబోయింది.

“ముట్టుకోకండి! పెయింటింగండి అది” అని గద్దించారు మా అత్తగారు.