పెద్దమ్మ చదివి చెప్పిన కాగితం

నా చిన్నప్పుడు సెలవులు ఇచ్చారంటే మా అమ్మ నన్ను పెద్దమ్మ దగ్గరికి పంపేది. నెల్లూరికి తూర్పున, సముద్రం ఒడ్డు సరుగుడు తోపుల్లో ఉన్న కుష్ఠురోగుల ఆశ్రమంలో పెద్దమ్మ ఆయాగా పనిచేసేది. మిషన్ బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివింది. అక్కడి రోగుల్లో అక్షరం వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు.

వాళ్ళలో బోగోలు వైపు నుంచి వచ్చిన అవ్వ ఒకామె ఉండేది. కొడుకులు బండిలో తెచ్చి గేటు దగ్గర దింపి వెళ్ళారట, మళ్ళీ తొంగి చూడలేదు. అవ్వ నన్ను దగ్గరికి రానిచ్చేది కాదు. దూరంగా కూర్చోబెట్టి చేపల పేర్లు చెప్పించుకునేది. తప్పు చెబితే నవ్వేది.

ఆ ఏడు వేసవిలో పట్నం నుంచి ఒక డాక్టరు కొత్త మాత్రలు తెచ్చాడు. కాగితాల కట్ట పెద్దమ్మ చేతికిచ్చి, బలానికి మందని చెప్పి అందరిచేతా వేలిముద్రలు వేయించమన్నాడు. వంటింటి గడప మీద కూర్చుని పెద్దమ్మ ఆ కాగితం మూడుసార్లు చదవడం చూశాను. తర్వాత అందర్నీ వరండాలోకి పిలిచింది.

"ఇది బలానికి కాదు. కొత్త మందు. మేలు చేస్తదో కీడు చేస్తదో వాళ్ళకే తెలియదంట. మీకిచ్చి చూస్తారు. వద్దనుకుంటే వద్దని చెప్పండి," అంది.

అవ్వ అడిగింది, "వద్దంటే మమ్మల్ని ఈడ ఉండనిస్తారా?"

పెద్దమ్మ డాక్టరు గదికి వెళ్ళి అడిగొచ్చింది. "ఇష్టం లేనోళ్ళకి గేటు తీసే ఉందన్నాడు," అని చెప్పి తల దించుకుంది.

ఒక్కొక్కరే లేచి వరసలో నిలబడ్డారు. అవ్వకు వేళ్ళు లేవు. డాక్టరుతో వచ్చిన కాంపౌండరు ఆమె అరచేతి అంచుకు సిరా పూసి కాగితం మీద అద్దాడు. పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంటుంటే అవ్వే ఓదార్చింది. "నువ్వు దాచకుండా చెప్పినావు తల్లీ. మాకు పోయేదానికి చోటు లేకపోతే నువ్వేం చేస్తావు?"

క్రిస్మస్ సెలవులకు వెళ్ళేసరికి అవ్వకు చూపు పోయింది. ఆ మాత్రలు మింగినవాళ్ళలో ఇద్దరు చనిపోయారు. డాక్టరు మళ్ళీ రాలేదు. పెద్దమ్మ పైవాళ్ళకు రాసుకున్న అర్జీలకు జవాబు లేదు. ఆమెను పనిలోంచి తీసేసినట్టు ఉత్తర్వు మాత్రం వచ్చింది. మేం పెట్టె సర్దుకుని బయల్దేరుతుంటే అవ్వ గోడ తడుముకుంటూ వచ్చి, "ఇంక మాకు చదివి చెప్పేదెవరు?" అంది. ఎండలు ముదరకముందే అవ్వ కూడా పోయిందని తెలిసింది.

పెద్దయ్యాక నేనూ నర్సునయ్యాను. సంతకం పెట్టించాల్సిన ప్రతి కాగితాన్నీ రోగి పక్కన కూర్చుని, అర్థమయ్యేదాకా విడమరిచి చెప్పేదాన్ని. డాక్టర్లు విసుక్కున్నా మానలేదు. అది పెద్దమ్మ నేర్పిందే. అయితే అంతా విన్నాక చాలామంది నా ముఖం వంక చూసి, "మాకు వేరే దారేముందమ్మా," అంటూ సంతకం పెట్టేసేవాళ్ళు. రిటైరై ఇన్నేళ్ళయినా ఆ మాటకు జవాబు వెతుక్కుంటూనే ఉన్నాను.