మొదటి ముర్రాట ఎవరిది

రిటైరైన తర్వాత మా మామయ్యకు కొత్త పిచ్చి పట్టుకుంది. ఇసుక కింద పూడిపోయిన ఊళ్ల వీడియోలు చూడడం. ఎక్కడో ఎడారిలో ఒక నగరం బయటపడిందట. ఆకాశం నుంచి ఫొటోలు తీసినవాళ్లు మేమే కనిపెట్టామంటారట, కాలినడకన తిరిగినవాళ్లు కాదు మేమంటారట. ఇపో పట్టణంలోని మా ఇంటికొచ్చి, అమ్మ ఇచ్చిన కాఫీ తాగుతూ, ఫోను మా మొహాల మీద పెట్టి మరీ చూపించేవాడు. ఒక ఆదివారం అమ్మకు విసుగొచ్చింది.

"ఆళ్ల ఊరు దొరికితే నాకేటిరా? మన లైను ఎక్కడుందో సెప్పు, సూద్దాం."

లైను అంటే సుంగై సుమున్ ఊరి దగ్గర, మా పాతతరంవాళ్లు ఓడెక్కి పనికొచ్చిన కొబ్బరి ఎస్టేటులో కూలీలుండే ఇళ్ల వరస. అమ్మా, ఆమె తమ్ముడు ఈ మామయ్యా అక్కడే పుట్టారు. కొబ్బరిచెట్లు కొట్టేసి పామాయిల్ నాటినప్పుడు ఇళ్లూ పడగొట్టారు. పొలిమేరలో అమ్మవారి రాయి ఒకటి ఉండేది. ఊరు ఖాళీ చేసేటప్పుడు అమ్మవారిని పక్కింటివాళ్లు తెస్తారని ప్రతి ఇంటివాళ్లూ అనుకున్నారు. తలా ఒక పట్టణం చేరాక చూసుకుంటే ఎవరూ తేలేదు. ఆ తర్వాత ఆ చోటు ఎక్కడో చెప్పగలిగినవాళ్లు లేరు, ఎటు చూసినా ఒకే రకం చెట్లు.

కారు నాది కాబట్టి వెతుకులాటకు నేనూ వెళ్లక తప్పలేదు. మొదటిసారి వెళ్లినప్పుడు గడ్డిలో సిమెంటు తిన్నె ఒకటి కనిపించింది. ఇంకేముంది, ఇద్దరూ దాని మీద పడ్డారు. పసుపు రాశారు, బొట్లు పెట్టారు, కర్పూరం వెలిగించారు. అమ్మ ఏడుస్తుంటే నాకూ ఏడుపొచ్చింది. మామయ్య ఫొటోలు తీసి లైనువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. సాయంత్రానికల్లా జార్జ్ టౌన్ నుంచి ఒక తాతగారి గొంతు వచ్చింది, నవ్వు ఆపుకోలేక దగ్గుతూ.

"అది పెరట్టు తిన్నె! పొద్దున్నే హాజరుకి దొర నిలబడి మన పేర్లు పిలిసినాడు కాదేటి, అదే! దొర బూట్లకి పూజ సేసినారర్రా మీరు!"

ఇపో చేరేదాకా కారులో ఒకటే రగడ. ముందు దాన్ని అమ్మవారి గద్దె అన్నది నువ్వంటే నువ్వని. ఆ తప్పు మాత్రం ఇద్దరిలో ఎవరికీ అక్కర్లేదు.

రెండోసారి వాన వెలిసిన మర్నాడు వెళ్లాం. ఎస్టేటు కాలువ గట్టున నా కారు బురదలో దిగబడింది. కాలువకు అటు మామయ్య, ఇటు అమ్మ నడుచుకుంటూ పోయారు. నేను చక్రాల కింద మట్టలు తోస్తూ ఆ లైనునీ, అందులో పుట్టినవాళ్లనీ కలిపి తిట్టుకుంటున్నాను. అంతలో కేకలు వినిపించాయి. ఒకటి తర్వాత ఒకటా, రెండూ కలిసా అంటే చెప్పలేను. కాలువ మీది చెక్క దాటి పరుగెత్తేసరికి ఇద్దరూ మోకాళ్ల మీద కూర్చుని ఎండుమట్టలు లాగేస్తున్నారు. కింద నల్లరాయి. దానికి పెట్టిన ఇత్తడి కళ్లలో ఒకటి మిగిలి ఉంది. ఈసారి అనుమానం లేదు.

ఎస్టేటు మేనేజరు ఒక ఆదివారం పూజకు ఒప్పుకున్నాడు. మా తెలుగు సంఘం కార్యదర్శి ఇంటికొచ్చి మర్యాదగానే అడిగాడు, అమ్మవారిని ముందు చూసిందెవరని. మావాళ్లలో మరుగునపడిన అమ్మవారు ఎవరి కంటపడితే వాళ్లే మొదటి ముర్రాట ఎత్తాలి. ముర్రాట అంటే పసుపునీళ్లలో వేపాకు వేసిన కుండ. నెత్తిన పెట్టుకొచ్చి అమ్మవారి మీద పోస్తారు.

"నేనే" అన్నారు ఇద్దరూ.

తర్వాత ఇద్దరూ నా వైపు తిరిగారు. "నువ్వు సెప్పవే" అని అమ్మ, "నువ్వే సెప్పమ్మా, సూసినావు కదా" అని మామయ్య. నేను చూసింది బురద. ఆ మాటే చెప్పాను. దాంతో ఇద్దరికీ నా మీదే కోపం వచ్చింది.

కార్యదర్శీ మామయ్యా వెళ్లాక, ఈ వయసులో ఈ పంతం ఏమిటని అమ్మను గట్టిగానే అడిగాను.

"ఆడికి ఫ్యాక్టరీలో దండేసి గడియారం ఇచ్చినారు. గుడి కమిటీలో కుర్సీ ఏసినారు. నా పేరు ఎవుడైనా ఒకపాలి మైకులో సెప్పినాడేటి? మీ నాన్న పెళ్లాం, నీ అమ్మ, ఆడి అక్క. అంతే కదా నేను?" అంది.

చివరికి పెద్దదన్న ఒక్క కారణంతో సంఘంవాళ్లు అమ్మకే ఇచ్చారు. మామయ్య మా ఇంటికి రావడం మానేశాడు. అమ్మ మాత్రం ఆదివారం కాఫీ ఒక కప్పు ఎక్కువే కలిపి, నన్ను తాగమని తగువేసుకునేది.

అసలు చిక్కు అప్పుడు బయటపడింది. ముర్రాట ఎత్తే ఆడదానికి పుట్టింటి పసుపుచీర రావాలి. అమ్మకు పుట్టిల్లంటే ఇక మిగిలింది మామయ్య ఒక్కడే. నేను కొంటానంటే అమ్మ కసిరింది. "పుట్టిల్లంటే బట్టల షాపేటే?" తనంతట తాను తమ్ముడికి ఫోను చెయ్యదు. నేను చేస్తే అటు నుంచి "ఊఁ" అని పెట్టేశాడు. ఆ ఊఁకు అర్థం వస్తాననో రాననో తెలియక తల పట్టుకున్నాను.

పూజ రోజు రానే వచ్చింది. పామాయిల్ చెట్ల మధ్య టెంటు వేశారు. డప్పులవాళ్లు వచ్చారు. అమ్మ పాత నేతచీరలో, కుండ ముందు పెట్టుకుని, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. మామయ్య జాడ లేదు. ముహూర్తం దాటిపోతోందని కార్యదర్శి రెండు చేతులూ నలుపుకుంటున్నాడు. "ఉన్న చీరతో ఎత్తెయ్యండమ్మా, అమ్మవారు ఏమీ అనుకోదు" అన్నారు ఎవరో. అమ్మ కదల్లేదు. ఆమె ఎండలో అలా కూర్చుని ఉంటే మామయ్య మీద నాకు ఒళ్లు మండిపోయింది. ఇంకెవరికైనా కుండ ఇప్పిద్దామని కార్యదర్శి లేచాడు.

అప్పుడు కాలువ గట్టు మీద మోటారుసైకిలు చప్పుడయింది. మోకాళ్లదాకా బురదతో మామయ్య దిగాడు. ఎవరినీ పలకరించకుండా నేరుగా వచ్చి అమ్మ ఒళ్లో సంచి పెట్టాడు. అందులో పసుపుచీర. కారు వెనక నేను దుప్పటి అడ్డం పట్టుకుంటే అమ్మ చీర మార్చుకుంది. కుచ్చిళ్లు కుదరక నాతో నాలుగు మాటలు పడింది.

కుండ నెత్తికెత్తేది కూడా తోడబుట్టినవాడే. మామయ్య ఎత్తి పెడుతుంటే నేను పక్కనే ఉన్నాను. డప్పులు మోగుతున్నాయి, ఇంకెవరికీ వినపడి ఉండదు.

"నువ్వే ముందు సూసినావురా" అంది అమ్మ. "నీ కేక ఇనే నేను ఇటు తిరిగినాను."

"తెల్సు అప్పా." మావాళ్లు అక్కను అప్ప అనే పిలుస్తారు.

"తెల్సీ సీరెందుకు తెచ్చినావు?"

మామయ్య కుండ సరిగ్గా కుదిరిందో లేదో చూసుకుని చేతులు వదిలాడు. "నువ్వు బడి మానేసింది నన్ను ఎత్తుకోడానికే కదప్పా. బడికెల్లిందీ నేనే, ఇదీ నేనే అంటే ఎట్లా?"

అమ్మకు రెండు చేతులూ కుండ మీదే ఉన్నాయి. కళ్లు నేనే తుడవాల్సి వచ్చింది.