దొర పేరు కాదు, లాకు పేరు

పోయిన నెల ఒక ఆదివారం, మా కాలేజీలో చదివి వెళ్ళిన ఒకమ్మాయి వాట్సాప్‌లో ఫొటో పంపింది. పాలకొల్లు దగ్గర కాలువ గట్టున కొత్తగా తెరిచిన రిసార్టుకి ఇంట్లోవాళ్ళతో వెళ్ళిందట. అక్కడ గేటు పక్కన నిలబెట్టిన ఇంగ్లీషు బోర్డు అది. కింద "మేడం, మీరు దొరగారి మునిమనవరాలా? ఎప్పుడూ చెప్పలేదే" అని రాసి రెండు నవ్వు బొమ్మలు పెట్టింది. బోర్డులో ఉన్నది తెలుగులో చెబితే ఇంతే: బర్ట్‌విసిల్ అనే అరుదైన ఇంటిపేరు ఇంగ్లండులో లాంకషైర్ ప్రాంతంలోను, మన దేశంలో ఈ ఊళ్ళోను మాత్రమే ఉంది, ఈ బంగళాలో ఉన్న బర్ట్‌విసిల్ దొరకూ, ఆయన వంటమనిషి రాహేలుకూ పుట్టిన సంతతి నేటికీ ఇక్కడ ఉన్నారు. రాహేలు మా నాన్నకు నాయనమ్మ. నాకు తాతమ్మ. ఆ ఒక్క అబద్ధం తీయించాలని నేను పాలకొల్లు బయల్దేరాను. మీరూ ఆ వైపు వెళ్ళే ఆలోచనలో ఉంటే దారి, ఖర్చులు చెబుతాను గానీ, నా కోపం కూడా కొంచెం భరించాలి.

ముందు పేరు సంగతి. నా ఇంటిపేరు బర్ట్‌విసిల్. చిన్నప్పుడు బడిలో హాజరు పిలుస్తుంటే వెనక బెంచీ వాళ్ళు విజిల్ వేసేవాళ్ళు. పెద్దయ్యాక ప్రతి ఆఫీసులో అదే ప్రశ్న, అదే చూపు. అందుకని ఇంటిపేర్ల పుట్టుపూర్వోత్తరాలు చెప్పే వెబ్‌సైట్లన్నీ ఎప్పుడో తిరగేశాను. లాంకషైర్‌లో బ్లాక్‌బర్న్, బర్న్‌లీ చుట్టుపక్కల ఈ పేరు వాళ్ళు ఎక్కువ. అక్కణ్ణుంచి ఉద్యోగాలకో వలసలకో వెళ్ళినవాళ్ళు ఆస్ట్రేలియాలో, కెనడాలో అక్కడక్కడా ఉన్నారు. అసలు అది మనిషి పేరే కాదట, ఒక పల్లె పేరు. పాత ఇంగ్లీషులో ఏరు రెండు పాయలుగా విడిపోయే చోట పక్షులు వాలే నేల అని అర్థం చెబుతున్నారు. ఊరి పేరే ఇంటిపేరు కావడం మనకు కొత్తా? మన ఇళ్ళ పేర్లలో సగం ఎప్పుడో వదిలి వచ్చిన ఊళ్ళవే. ఇంత చక్కగా వివరించిన ఆ సైటే, పటం మీద గోదావరి సముద్రంలో కలిసే చోట ఒక చుక్క పెట్టి, ఇక్కడివాళ్ళు బహుశా ఒక ఇంజనీరు సంతతి అయి ఉంటారని రాసింది. వాళ్ళ పేరు నేలలోంచి పుడుతుంది, మన పేరు మాత్రం ఎవరి పక్కలోంచో పుట్టాలి.

మా నాన్న చెప్పింది వేరు. దొర ఆ కాలువ మీద పడవల లాకు కట్టించాడు. కట్టించి వెళ్ళిపోయాడు. జనం దాన్ని బర్ట్‌విసిల్ లాకు అన్నారు. మా ముత్తాత యేసుదాసు ఆ లాకులో లస్కరు. పడవ వచ్చినప్పుడల్లా తలుపులు తీసి, నీళ్ళు సమం చేసి, దాటించడం ఆయన పని. కాపురం లాకు పక్కన గుడిసెలోనే. ఆయన పోయాక చాలా ఏళ్ళు తాతమ్మే తలుపులు తిప్పింది. పిల్లల్ని మిషను బడిలో వేసినప్పుడు ఇంటిపేరేంటని పంతులు అడిగితే, లాకు దగ్గర వాళ్ళం అన్నారు. అలా లాకు పేరు ఇంటిపేరైంది. పాలెం దగ్గరుంటే పాలెం పేరు, చెరువు దగ్గరుంటే చెరువు పేరు పడినట్టే. ఇందులో దొరకు చోటెక్కడ?

రాజమండ్రి కాంప్లెక్సులో పొద్దున్నే ఆరున్నరకు పాలకొల్లు ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. రావులపాలెం, సిద్ధాంతం, మార్టేరు మీదుగా రెండున్నర గంటల ప్రయాణం. ఆడవాళ్ళకు టికెట్ లేదు, ఆధార్ చూపిస్తే సున్నా టికెట్ ఇస్తారు. కండక్టరు నా కార్డు తీసుకుని పేరు చదివి, మళ్ళీ నా మొహం చూసి, మెల్లగా అడిగాడు.

"ఏమనుకోకండి మేడం, మీరు మన ఆంధ్రావాళ్ళేనాండి? మనవాళ్ళకేనండి ఫ్రీ."

ఇదే రాష్ట్రంలో పుట్టి, ఇక్కడే ఇరవయ్యేళ్ళుగా పాఠాలు చెబుతున్నానని చెప్పాను. టికెట్ చింపి ఇచ్చాడు పాపం, అతని తప్పేముంది. సిద్ధాంతం వంతెన మీద వసిష్ఠ పొగమంచులో అందంగా ఉంది. నాకు చూడాలనిపించలేదు.

పాలకొల్లు బస్టాండు బయట పెసరట్టు ఉప్మా అరవై రూపాయలు, బాగుంది. అక్కణ్ణుంచి లాకు దాకా ఆటో మూడొందలు అడిగాడు, రెండొందల యాభైకి కుదిరింది. షేర్ ఆటోలో అయితే ముప్ఫై, కానీ మెయిన్ రోడ్డు మీద దింపేస్తారు, గట్టెంబడి అరగంట నడవాలి. డ్రైవరు నలభై ఏళ్ళవాడు, మాటకారి. దొర బంగళాకేనాండి అన్నాడు. కాదు, లాకుకి అన్నాను. లాకు దగ్గర గుర్రపుడెక్క తప్ప ఏమీ లేదనీ, చూడాల్సింది బంగళాయేననీ, అక్కడ దొరగారికి ఒకావిడ ఉండేదనీ, ఆవిడ చేతి చేపల పులుసుకు పడిపోయి దొర ఇంగ్లండుకే వెళ్ళలేదనీ చెప్పుకొచ్చాడు. బోర్డు పెట్టి ఇంకా ఏడాది కాలేదు. అప్పుడే పులుసు కూడా వచ్చి చేరింది. ఆవిడ ఎవరో తెలుసా అని అడిగాను. ఎవరో చర్చి పేటావిడేనండి అన్నాడు. నేను ఎవరో చెప్పలేదు. చెబితే అద్దంలోంచి నా మొహంలో దొరను వెతుకుతాడు.

లాకు కంటే ముందే వచ్చిన బంగళా గేటు దగ్గర దిగిపోయాను. ఇప్పుడు అదే రిసార్టు, లోపలికి మనిషికి వంద. కట్టను అన్నాను, యజమానిని పిలవమన్నాను. యాభై దాటిన మనిషి, రొయ్యల చెరువుల మీద సంపాదించి ఈ పాత బంగళా లీజుకు తీసుకున్నారట. చాలా మర్యాదస్తులు. పేరు చెప్పగానే లేచి నిలబడ్డారు. తమరు వస్తారని తెలిస్తే కారు పంపేవాళ్ళం అన్నారు. హాల్లో కూర్చోబెట్టి కాఫీ తెప్పించారు. గోడమీద మీసాల దొర బొమ్మ ఒకటి ఉంది. ఇది బర్ట్‌విసిల్ దొరేనా అని అడిగితే, ఎవరో దొరేనండి, హైదరాబాదులో పాత సామాను కొట్లో దొరికింది అన్నారు, ఏమాత్రం మొహమాటం లేకుండా. నేను బోర్డు సంగతి ఎత్తాను. ఆయనకు అర్థం కాలేదు.

"మీ బాబాయి గారే చెప్పారండి. ఇదిగో, ఈ కుర్చీలోనే కూర్చుని."

ఫోనులో ఫొటో చూపించారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆ ఎవరో దొర బొమ్మ కింద పేము కుర్చీలో మా ప్రకాశం బాబాయి. అంత నిటారుగా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

బాబాయి మా నాన్న తమ్ముడు. ఎలిమెంటరీ స్కూలు హెడ్మాస్టరుగా రిటైరయ్యాడు. చర్చి వెనకాల ఇల్లు, బంగళా నుంచి గట్టెంబడి పది నిమిషాలు. దారిలోనే లాకు. రాతి గోడలు అలాగే ఉన్నాయి, చెక్క తలుపులు లేవు, మధ్యలో ఆకుపచ్చగా గుర్రపుడెక్క నిండిపోయి నీళ్ళు కనబడలేదు. నేను ఆగలేదు. ఆ కోపంలో ఆగితే చల్లారిపోతానని భయం.

పిన్ని భోజనం పెట్టేదాకా ఆగి, అప్పుడు అడిగాను. బాబాయి కాదనలేదు. అన్నం కలుపుకుంటూనే చెప్పాడు. బంగళా బాగుచేసేటప్పుడు పాత సంగతులు తెలిసినవాళ్ళు కావాలని కబురు పెట్టారట. మొదటిరోజు వెళ్ళి, లస్కరు యేసుదాసు మనవణ్ణి అన్నాడట. గేటు దగ్గరే నిలబెట్టి, ఏ సంవత్సరంలో ఏం జరిగిందో అడిగి పంపేశారు. కాఫీ ఇచ్చారు గానీ, పేపరు గ్లాసులో. రెండోసారి పిలిచినప్పుడు వాళ్ళే అడిగారట, మరి ఈ పేరు మీకెలా వచ్చింది, దొరకీ మీకూ ఏమన్నా, అని. బాబాయి ఊరుకున్నాడట. ఊరుకోగానే కుర్చీ వచ్చిందట. నాయనమ్మ పేరు అడిగితే చెప్పాడట, దొర ఇంట్లో వంటమనిషా అని వాళ్ళే అంటే తల ఊపాడట.

"ముప్ఫై నాలుగేళ్ళు పాఠం చెప్పానమ్మా ఈ ఊళ్ళో," అన్నాడు. "వాళ్ళ పిల్లలకీ చెప్పాను. మాస్టారూ అని అరుగు మీదే మాట్లాడి పంపేవాళ్ళు. దొర మనవణ్ణంటే లోపలికి రమ్మన్నారు. ఎవరికి నష్టం చెప్పు? ఆవిడ పోయి ఎన్నేళ్ళయింది."

కోపం రిసార్టాయన మీద తెచ్చుకున్నది, బాబాయి కంచం ముందు దాన్ని ఎక్కడ పెట్టాలి? లస్కరు మనవడికి అరుగు, దొర అక్రమ సంతానానికి పేము కుర్చీ. ఈ లెక్క వేసిన ఊరి మీద అరవాలనిపించింది. పిన్ని మజ్జిగ పోస్తూ, ఎవరి మొహమూ చూడకుండా అంది.

"కుర్చీ కోసం ముసలమ్మని తీసుకెళ్ళి దొర పక్కన పడుకోబెట్టారండి మీరు. బోర్డులో ఏం రాశారో మన చర్చి పిల్లలు చదివి నాకు చెప్పారు. మీకు చెప్పడానికి నాకు నోరు రాలేదు."

వంటమనిషి అనే కదా రాశారు అన్నాడు బాబాయి. పిన్ని మజ్జిగ గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళింది. ఆయన లేచి చెయ్యి కడుక్కుని చొక్కా తొడుక్కున్నాడు. ఇస్త్రీది కాదు, ఇంట్లో వేసుకునేది.

ముగ్గురం మళ్ళీ బంగళాకి వెళ్ళాం. మూడు కావస్తోంది, భీమవరం నుంచి వచ్చిన కుటుంబాలు రెండు వరండాలో ఉన్నాయి. యజమాని కుర్చీలు వేయించారు. పిన్నీ నేనూ కూర్చున్నాం. బాబాయి కూర్చోలేదు.

"మా నాయనమ్మ లస్కరు పెళ్ళామండి. దొర మొహం ఆవిడ చూసి ఎరగదు. నేను చెప్పాల్సినప్పుడు చెప్పలేదు. ఆ మాట తీసేయించండి," అన్నాడు.

యజమాని బాబాయి వైపు కాక నా వైపు చూశారు. అంత కచ్చితంగా ఎలా చెప్పగలమండి, ఋజువు ఏదైనా ఉందా అని, ఎంతో మర్యాదగా అడిగారు. లేదన్నాను. నా దగ్గర ఉన్నది మా నాన్న చెప్పిన మాట ఒక్కటే, అదీ ఆయన వాళ్ళ నాన్న దగ్గర విన్నది. కానీ ఆవిడని దొర మనిషిని చేసినప్పుడు మీరు ఏ ఋజువు అడిగారండీ అన్నాను. కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను, వరండాలో వాళ్ళు తిరిగి చూశారు. ఆ చూపులకే ఆయన దిగివచ్చారు, నా మాటకి కాదు. ఇంత దానికి గొడవెందుకండీ అని మనిషిని పిలిచి, తెల్ల స్టిక్కరు తెమ్మన్నారు. మేము చూస్తుండగానే బోర్డు మీద అతికించారు.

వాక్యం మొత్తం పోయింది. తప్పుగా రాసిన సంబంధం తీయమన్నాను నేను, ఆయన మనిషినే తీసేశారు. రాహేలు, లాకు లస్కరు భార్య, తలుపులు తిప్పిన మనిషి అని రాయండి అని బాబాయి అడిగాడు. చోటు లేదండీ అన్నారు. దొర పేరుకి చోటుంది, లాంకషైర్‌కి చోటుంది.

తిరుగు బస్సులో కోపం పోలేదు, కానీ దాని పక్కన ఒక అనుమానం వచ్చి కూర్చుంది. ఒకవేళ ఆ బోర్డే నిజమైతే? మా నాన్నకి చెప్పినవాళ్ళు కూడా బాబాయిలాగే, కాకపోతే ఇంకో వైపు నుంచి, దొర సంగతి దాయడానికి ఊరుకుని ఉంటే? అప్పుడు మాత్రం తాతమ్మ తప్పేముంది, దొర ఇంట్లో వండే పేద ఆడమనిషికి కాదనే వీలు ఎంతుండేదని? నేను రెండొందల యాభై పెట్టి ఆటోలో పరిగెత్తింది ఆవిడ గౌరవం కోసమా, నా గౌరవం కోసమా? తెలియదు. తెలిసింది ఒకటే: లాంకషైర్ వాళ్ళ పేరు ఎక్కడ పుట్టిందో, ఎంతమంది ఎక్కడున్నారో పటం గీసి చెప్పడానికి ప్రపంచం ఉంది. ఆ పేరు మోసిన లాకులో బతికిన ఆడమనిషి పేరు బయట రాసి ఉన్నది ఆ ఒక్కచోటే, అదీ అబద్ధంలో. చర్చి వెనక ఆవిడ సమాధికి రాయి కూడా లేదు. అబద్ధం తుడిస్తే ఆవిడా తుడిచిపెట్టుకుపోయింది, తుడిపించింది నేనే.

వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. వేసవిలో కాలువలు కట్టేస్తారు, వానలు పడ్డాక వెళ్ళండి, ఆధార్ మరిచిపోకండి. బంగళాకి వంద రూపాయలు ఇవ్వక్కర్లేదు, గట్టెంబడి ఇంకో అయిదు నిమిషాలు నడిస్తే లాకు, అక్కడ టికెట్ లేదు. రాతి గోడ మీద కూర్చోవచ్చు. పక్కన పిల్లలెవరైనా ఉండి ఈ లాకు ఎవరిదని అడిగితే, రాహేలుదని చెప్పండి.