సోమశిల బాతులు

వింజమూరు లారీ డ్రైవర్ ఇస్సాకుకు ఏటా చలికాలంలో నీటిబాతుల వేటకు వెళ్లడం అలవాటు. 1992లో కూడా స్నేహితుడు వలితో సోమశిల జలాశయానికి వెళ్దామనుకున్నాడు. జీపు మాట్లాడి, తూటాలు కొని, వేట పర్మిట్ కోసం ఆత్మకూరులో అటవీ అధికారిని కలిశాడు.

"చట్టం మారింది. ఇక బాతుల్ని కొట్టకూడదు," అన్నాడాయన.

ఇస్సాకు తుపాకీ లైసెన్సు చూపించాడు. "పోయిన నెలే రెన్యువల్ చేసినారు గదా సార్?"

"అది తుపాకీ ఉంచుకోవడానికి. వేటాడడానికి కాదు."

"మరి మా వరిమళ్లో బాతులు దిగితే?"

"కేకలేసి తోలెయ్."

"కేకలెయ్యడానికి తుపాకీ ఎందుకు సార్?"

ఆయన నవ్వి లైసెన్సు తిరిగి చేతికిచ్చాడు.

జీపు ముందే మాట్లాడుకున్నారు కాబట్టి ఇద్దరూ తుపాకీ లేకుండానే వెళ్లారు. నీళ్ల నిండా బాతులు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఇస్సాకుకు తోచలేదు. పక్కనే జాలర్లు వలలు లాగుతున్నారు.

"చేపల్ని పట్టొచ్చంట, బాతుల్ని కొట్టకూడదంట. ఏందిరా వలీ ఇది?"

"నాకేం తెలుసన్నా? ఆఫీసుకు పోయొచ్చింది నువ్వు గదా!"

తర్వాత కూడా ప్రతి చలికాలం ఇద్దరూ అలాగే వెళ్లి గట్టున కూర్చొని వచ్చేవారు. ఆ రూలు సంగతి మాత్రం ఇస్సాకుకు ఎప్పటికీ అర్థం కాలేదు.