స్నేహం గురించి చదివే థాలస్

మా మేడ కింద నాది ఉడికించిన శనగల కొట్టు. అవెంటైన్ గుట్టెక్కి వచ్చేవాళ్ళకి ముందు తగిలేది నా పొయ్యి సెగే. ముప్పై ఏళ్ళుగా గరిటె తిప్పీ తిప్పీ పని మీదా విసుగొచ్చింది, మనుషుల మీదా విసుగొచ్చింది. మంచితనం గురించి ఉపన్యాసాలిచ్చే వాళ్ళంటే మరీను. అయినా థాలస్ కథ చెప్పాలంటే ఆ ఉపన్యాసాల ఊసెత్తక తప్పదు, అవి చదవడమే అతని బతుకు కాబట్టి.

థాలస్ పుట్టుకతోనే బానిస, వోల్కాసియస్ అనే పెద్దమనిషి ఇంట్లో పుట్టాడు. గొంతు బాగుందని చిన్నప్పుడే అక్షరాలు నేర్పించి, విందుల్లో పుస్తకాలు చదివే పనిలో పెట్టారు. అతిథులు పక్కల మీద వాలి తింటుంటే ఇతను నిలబడి చదవాలి. నీతి, నిగ్రహం, స్నేహం, చావుకి బెదరకపోవడం, ఇవీ ఆ పుస్తకాల్లో ఉండేవి. నలభై దాటాక విడుదల చేశారు, కానీ ఊరికే కాదు. ఏడాదికి ఇన్ని రోజులు వచ్చి చదివి వెళతానని దేవుళ్ళ మీద ఒట్టు వేయించుకుని మరీ వదిలారు. మా దగ్గర విడుదలంటే కట్టుతాడు కాస్త పొడుగు చేయడమే.

డామా అదే ఇంట్లో పల్లకీ మోసినవాడు. భుజం కుంగిపోయి ఇక పనికిరాడని తేలాక అతన్నీ వదిలేశారు. ఇద్దరూ మా మేడ ఐదో అంతస్తులో, చూరు కింది గదిలో ఉండేవారు. డామాకి అక్షరం ముక్క రాదు. విందులో ఏం చదివాడో థాలస్ వచ్చి చెబుతుంటే ఉల్లిపాయ కొరుక్కుంటూ వినేవాడు. అంతా విని, "ఇంతకీ కింది వరసకి ఏ రొట్టె పెట్టార్రా?" అని అడిగేవాడు. నల్లదే అని థాలస్ చెప్పేవాడు. పై వరసలో కూర్చునే గొప్పవాళ్ళకి తెల్ల రొట్టె, పాత ద్రాక్షసారా. కింది వరసలో బీదవాళ్ళకి నల్ల రొట్టె, పులిసిన నీళ్ళు. పిలవడం మాత్రం అందరినీ మిత్రులారా అనే పిలిచేవాడు ఆ పెద్దమనిషి. డామా నవ్వీ నవ్వీ దగ్గేవాడు.

ఆ దగ్గే ముదిరి, వేసవి నడుమ మంచం పట్టాడు. వాళ్ళిద్దరికీ వెనకా ముందూ ఎవరూ లేరు. బానిసగా పుట్టినవాడికి తండ్రి పేరే ఉండదు, ఇక చుట్టాలెక్కణ్ణించి వస్తారు? మాలో పోయేవాడి ఆఖరి ఊపిరిని అయినవాళ్ళు తమ నోటితో అందుకుంటారు, కళ్ళు మూస్తారు, పేరు పెట్టి గట్టిగా పిలుస్తారు. అదేదీ లేకుండా పోతే అది కుక్కచావు కింద లెక్క. డామా ఎవరినీ ఏదీ అడిగే రకం కాదు. ఆ రోజు మాత్రం అడిగాడు. నేను గంజి పట్టుకెళ్ళి గుమ్మంలో ఉన్నాను.

"ఒరే, ఊపిరి పోయేప్పుడు నువ్వుంటావు కదా? జన్మంతా ఒకళ్ళ బరువు మోశాను. ఆ కాసేపు నాకంటూ ఒకడుండాల్రా."

"ఉంటాన్రా. ఎక్కడికి పోతాను?" అన్నాడు థాలస్.

అన్నాడు గానీ, నాలుగు రోజులు తిరక్కుండానే వోల్కాసియస్ గారి నుంచి కబురొచ్చింది. ఆయన స్వయంగా పుస్తకం రాశారట, అదీ స్నేహం మీద. విందులో ఊళ్ళో పెద్దలందరి ముందూ థాలసే చదవాలి. డామా సంగతి చెప్పుకుంటే ఆయన ఓపిగ్గా విని, దుఃఖాన్ని జయించడమే జ్ఞానమనీ, మూడో అధ్యాయంలో అదే రాశాననీ సెలవిచ్చారట. ఒట్టు వేసినవాడు కాదనలేడు. "కాస్త చూస్తుండు గ్రాటక్కా" అని నన్ను డామా దగ్గర కూర్చోబెట్టి, మిట్టమధ్యాహ్నం ఎండలో వెళ్ళాడు.

అక్కడ జరిగింది తర్వాత అతనే చెప్పాడు. మంచం పట్టిన మిత్రుణ్ణి వదిలి విందుకు వెళ్ళేవాడు మిత్రుడు కాడు, అన్న వాక్యం వచ్చిందట. థాలస్ ఆగాడు. మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ ఆగాడు. పుస్తకం చుట్టేసి ఆయన పక్కన పెట్టి, "ఇది నేను చదివితే అబద్ధమైపోతుందండీ" అని చెప్పి లేచి వచ్చేశాడు. మర్నాటి నుంచి ఆ ఇంటి గుమ్మం అతనికి మూసుకుపోయింది. విశ్వాసం లేనివాడన్న మాట ఊరంతా పాకింది, చదవడానికి పిలిచే ఇల్లే లేకుండా పోయింది.

ఇంత చేసి పరుగెత్తుకొస్తే డామా కళ్ళు తెరిచి, "ఏరా, అప్పుడే వచ్చేశావు? రొట్టె తెచ్చావా?" అన్నాడు. ఆ తర్వాత పదకొండు రోజులు బతికాడు. నిజం చెప్పొద్దూ, నేను విసుక్కున్నాను కూడా. పోయేవాడు పోడు, ఉన్నవాడి కూడు పోయింది అనుకున్నాను. థాలస్ ఆ గది వదల్లేదు. కూర్చునే కునుకు తీసేవాడు. నా శనగలే ఇద్దరికీ తిండి.

పన్నెండో రోజు పొద్దున కుండ ఖాళీ అయింది. డామా దాహమంటున్నాడు. వీధి చివరి తొట్టి దాకా వెళ్ళి రావడమెంతసేపులే అని, నన్ను పిలిచి కూర్చోబెట్టి థాలస్ దిగాడు.

అతను అలా దిగాడో లేదో డామా చెయ్యి గాల్లో వెతికింది. నా చెయ్యిచ్చాను. కళ్ళు తెరవలేదు. "ఉన్నావురా... ఇక చదవకు, గొంతు పోతుంది" అన్నాడు. నా నోరెంతటిదో ఈ వీధిలో అందరికీ తెలుసు. ఆ పూట మూసుకున్నాను. మాట్లాడితే ఆడగొంతని పట్టేస్తాడు. వేళ్ళు సడలుతుంటే వంగి, ఆ ఊపిరి నేనే అందుకున్నాను. నాకెందుకంత ఏడుపొచ్చిందో ఇప్పటికీ తెలీదు.

థాలస్ కుండతో గుమ్మంలో నిలబడ్డాడు. చూడగానే అర్థమైంది అతనికి. కుండ మెల్లగా దించాడు. "నన్నడిగాడా గ్రాటక్కా?" అన్నాడు.

"లేదయ్యా. నువ్వున్నావనే అనుకున్నాడు. నా చెయ్యి పట్టుకుని నీతోనే మాట్లాడాడు. నేను పలకలేదు."

థాలస్ వచ్చి మంచం పక్కన నా దగ్గరే కూర్చున్నాడు. తిడతాడేమో, తిట్టినా పడదాం అనుకున్నాను.

"వాడు పట్టుకున్న ఆ చెయ్యి ఇటివ్వక్కా" అన్నాడు.

ఇచ్చాను. కింద పొయ్యి ఆరిపోతోందని తెలిసినా లేవలేదు.