మళ్లీ అదే మాట వచ్చేదాకా

ప్రభాకర్ ఎవరితోనైనా మాట మొదలుపెడితే, అవతలి మనిషి చెప్పిన మాటే మళ్లీ చెప్పేదాకా అక్కడి నుంచి కదలడు. మండలాఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరిన నాటి నుంచీ ఆయన గురించి చెప్పుకోవాల్సింది ఇదొక్కటే. ఇదొక్కటీ చాలు.

ఈ జబ్బు ఆయనకు గేముల నుంచి అంటుకుంది. గేములంటే కార్లు గుద్దుకునేవీ తుపాకులు పేల్చుకునేవీ కావు. అంతరిక్షంలో దారితప్పిన ఓడలూ, ఏ నక్షత్రం పక్కనో పాడుబడ్డ ఊళ్లూ, మనుషుల్లా దిగులుపడే యంత్రాలూ ఉండే కథల గేములు. వాటిలో దారిన కనబడ్డ ప్రతివాణ్ణీ పలకరించాలట. వాడు కొత్త మాట చెబుతున్నంతసేపూ కథ మిగిలే ఉన్నట్టు. పాత మాటే తిప్పి చెప్పాడంటే సంచి ఖాళీ అయినట్టు, ఇక మన దారిన మనం పోవచ్చు. గేములో ఇది తెలివైన పనే. బస్టాండులో మాత్రం కాదు.

పంచాయతీ కార్యదర్శి పుష్పలతకు ఆ సంగతి అనుభవం మీద తెలిసింది. ఆమెది కల్లూరు. ఉద్యోగం మీద పినపాక అవతలి ఈ అడవి అంచు మండలానికి వచ్చిన కొత్తలో, ఆయనతో కలిసి ట్రైనింగుకు బయల్దేరింది. బస్సెక్కబోతూ ప్రభాకర్ కండక్టర్ని అడిగాడు.

"ఎప్పుడు కదుల్తది అన్నా?"

"పది నిమిషాలల్ల."

"ఇంతకుముందు ఏ రూట్ల చేసినవే?"

అంతే. వైరా రూటు, ఆ రూట్లో గతుకులు, ఆ గతుకులకు పట్టుకున్న నడుం నొప్పి, ఆ నొప్పికి బావమరిది చెప్పిన పసరు వైద్యం, ఆ బావమరిదితో మాటలు లేకపోవడం... అన్నీ అయ్యాక కండక్టరు "పది నిమిషాలల్ల కదుల్తది" అన్నాడు. ప్రభాకర్ తృప్తిగా వచ్చి సీట్లో కూర్చున్నాడు. అప్పటికి అరగంట గడిచింది. బస్సులో జనమంతా ఈ మనిషి నీ తాలూకేనా అన్నట్టు పుష్పలతను చూశారు. ఆమె చున్నీ ముఖానికి కప్పుకుని, దిగేదాకా నిద్ర నటించింది.

ఆఫీసులో పనిచేసే భార్గవి మేడం పెళ్లిలో అయితే ఆఫీసు గ్రూప్ ఫొటోలో ఆయన లేనేలేడు. జనరేటర్ నడిపే అతనితో దిగిన ఫొటోలో ఉన్నాడు. ఇద్దరూ ఏడుస్తున్నారు.

ఇంత జరిగినా మధ్యాహ్నం బాక్సులు విప్పగానే అటెండర్ రెడ్యా ఆత్రంగా అడిగేవాడు. "సారూ, ఆ ఓడ సంగతేమాయె?"

"ఓడల అందరు నిద్రపోయిండ్రు రెడ్యా. మూడొందల ఏండ్లకు గాని లేవరు. వంట చేసే యంత్రం ఒక్కటే మేలుకొని ఉన్నది. ఎప్పుడు పలకరించినా 'ఇంకా ఉడకలే' అంటది. గంతే."

"అదే మాట రెండోసారి అన్నదంటే అయిపోయినట్టే గద సారూ?"

"నేను గూడ గట్లనే అనుకున్న. కానీ మనసొప్పలే. తిరిగి తిరిగి పోయిన. పద్నాలుగోసారి ఏమన్నదో ఎరుకేనా? 'ఉడికితే నువ్వు తిని పోతవు గదా' అన్నది."

రెడ్యా కలిపిన ముద్ద చేతిలోనే ఉండిపోయింది.  ఎక్కడా లేని యంత్రం కోసం కళ్లు తడవడమేమిటని పుష్పలత సిగ్గుపడి, పచ్చడిలో కారం ఎక్కువైందని చెప్పి నీళ్లు తాగింది.

అలాంటి మనిషిని తనతో జతచేసి ఇండ్ల సర్వేకు పంపుతున్నారని తెలిసిన రోజున ఆమెకు కుడికన్ను అదిరింది. గుడిసెల్లో ఉండేవాళ్లకు కొత్త ఇళ్లిచ్చే సర్వే అది. జాబితాకెక్కితే ఇల్లు, ఎక్కకపోతే వానాకాలం మళ్లీ ఆ గుడిసెలోనే. వీళ్లకు పడ్డ గూడెంలో అరవై రెండు గడపలు, పదిహేను రోజుల గడువు. మిగతా ఊళ్లకు వెళ్లినవాళ్లు మొదటి రోజే ఇరవై గడపలు చేశారు. వీళ్లు నాలుగు చేశారు. నాలుగో ఇంట్లో మనుషులతో అయ్యాక ప్రభాకర్ కుక్క దగ్గర ఆగాడు. అది రెండుసార్లు ఒకేలా మొరిగాకే లేచాడు.

మర్నాడు మీటింగులో ఎంపీడీవో సారు అందరి ముందూ అడిగారు. "నాలుగు ఇండ్లా? మీరు సర్వేకు పోయిండ్రా మేడం, చుట్టపుచూపుకు పోయిండ్రా?"

హాలంతా నవ్వింది. పుష్పలతకు తల కొట్టేసినట్టయింది. "సార్, నేనొక్కదాన్నే చేసుకుంటాను. ఆయన్ని ఆఫీసులోనే ఉంచండి, అప్‌లోడ్ చూసుకుంటారు" అంది.

మూడు రోజుల్లో అరవై ఒక్క గడపలు ముగించింది. మిగిలింది ఆదెమ్మ గుడిసె.

"అవ్వా, ఇంట్లో ఎంతమంది ఉంటరు?"

"మా పగిడయ్య వచ్చినంక చెప్తడు."

"పగిడయ్య ఎప్పుడొస్తడు?"

"మా పగిడయ్య వచ్చినంక చెప్తడు."

మూడోసారీ అదే. ఆమె భర్త పగిడయ్య పోయి ఏడేళ్లయిందని పక్కింటివాళ్లు చెప్పారు. పాపం, ముసలామెకు మతి చెదిరిందనుకుంది పుష్పలత. చివరి బస్సుకు వేళవుతోంది. ట్యాబులో 'వివరాలు ఇవ్వలేదు' అని నొక్కితే ఇంకో మూడుసార్లు రావాలి, పంచనామా రాయాలి. 'తాళం వేసి ఉంది' అని నొక్కితే ఏమీ అక్కర్లేదు. పుష్పలత తాళం నొక్కింది. ఆ గుడిసెకు తాళం కాదు గదా, తలుపే లేదు. వెదురు తడిక ఉంది, అంతే. ఎవరు చూస్తారులే అనుకుంటూ బస్సెక్కింది గానీ, దారి పొడుగునా ఆ తడికే కళ్లలో మెదిలింది.

గడువు రెండు రోజుల్లో ముగుస్తుందనగా, ఒక్క ఆమె గూడెం ఫైలే పెండింగులో ఉందని తేలింది. ఎంపీడీవో సారు పిలిపించి కేకలేశారు. పుష్పలతకు ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ కడుపులో పెట్టుకున్నదంతా ఆఫీసు నడిమధ్యలో కక్కేసింది.

"నేను ఎప్పుడో ఇచ్చాను సార్. ఆయనే కదా అప్‌లోడ్ చెయ్యాల్సింది! గేములాడుకుంటూ కూర్చుంటాడు. రోజూ నాలుగింటికే మాయమవుతాడు. ఈయనతో పనిచెయ్యాలంటేనే నాకు సిగ్గుగా ఉంటుంది సార్."

"ఏందయ్యా, నిజమేనా?" అన్నారు సారు.

ప్రభాకర్ తల గోక్కున్నాడు. "అవ్ సార్. ఒక లెవల్ మిగిలింది. ఇయ్యాలనో రేపో అయిపోతది."

ఆఫీసంతా పగలబడి నవ్వింది. సారు మెమో రాయించి చేతికిచ్చారు. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, అలవాటు ప్రకారం నాలుగింటికి వెళ్లిపోయాడు. పుష్పలతకు ప్రాణం హాయిగా ఉంది. ఆ హాయి రెడ్యా బండి తిరిగొచ్చేదాకా ఉంది.

"గేమ్ యాడిది మేడం?" అన్నాడు రెడ్యా చిన్నబుచ్చుకుని. "రోజు నా బండి మీదనే గూడెం దింపి వస్తున్న. మీరు తాళం అని రాసిండ్రు జూడు, ఆ ఇంటికే. తలుపులే లేని గూడెంల తాళమేందని సారుకు అనుమానమొచ్చింది. ఫైల్ ఒక్కసారి పంపినంక దిద్దరాదట. అందుకే ఆపిండు."

 ఇన్నాళ్లూ ఆయన వల్ల పుష్పలత నలుగురిలో పడ్డ సిగ్గు వేరు, ఇది వేరు. ఇది అచ్చంగా తన సొంతం. "నన్నూ అక్కడ దింపు రెడ్యా" అంది.

ఆదెమ్మ వాకిట్లో బీడీలకు వాడే తునికాకు కట్టలు కడుతోంది. ఎదురుగా ప్రభాకర్ గొంతుక్కూర్చుని తనూ కడుతున్నాడు. ఆయన కట్టిన ప్రతి కట్టనూ ఆమె మాట్లాడకుండా విప్పి మళ్లీ కడుతోంది. పుష్పలత తడిక పక్కనే ఆగిపోయింది.

"అవ్వా, ఇంట్ల ఎంతమంది ఉంటరు?" అన్నాడాయన, మొదటిసారి అడుగుతున్నంత మర్యాదగా.

"మా పగిడయ్య వచ్చినంక చెప్తడు."

"మంచిదవ్వా. కూసుంట."

ఆదెమ్మ చేతులు ఆగాయి. ఆయన్ని ఎగాదిగా చూసి తన భాషలో ఏదో గొణుక్కుంది. తర్వాత తెలుగులోకి దిగింది.

"ఏమయ్యా, తొమ్మిది దినాలాయె. పగిడయ్య సచ్చిపోయిండని నీకు ఒక్కళ్లన్న చెప్పలేదా? ఊరందరికి ఎరుకే!"

ప్రభాకర్ చేతిలోని కట్ట జారిపోయింది. "మరి వచ్చినంక చెప్తడని..."

"గట్ల అంటెనే వచ్చినోళ్లు జల్దీ పోతరు. ఇరవై ఏండ్ల సంది ఎంతమంది రాసుకపోయిండ్రు! ఒక్కలన్న మళ్లొచ్చిండ్రా? చెప్పి చెప్పి నోరు నొచ్చింది. నువ్వే పోతలేవు." అప్పుడే తడిక పక్కన పుష్పలత కనబడింది. ఆదెమ్మ ముఖం విప్పారింది. "ఇగో, ఈ బిడ్డ ఎంత మంచిది! ఒక్క ముక్క చెప్పంగనే లేచిపోయింది. ఈ పిల్లను చూసి నేర్చుకో."

తిట్టినా అంత తగిలేది కాదు. పుష్పలతకు చెవులు వేడెక్కాయి, కాళ్ల కింద నేలను చూస్తూ నిలబడింది.

"రాసుకో మరి" అంది ఆదెమ్మ. ఒంటరి మనిషినంది. వయసు చెప్పడానికి పెద్ద వరదొచ్చిన ఏడు తను ఎంత ఎత్తుండేదో చెయ్యెత్తి చూపింది. ప్రభాకర్ అంతా ఎక్కించాడు. చివర్లో ట్యాబు అడిగింది, ముందు నమోదైన 'తాళం' ఎందుకు మారుస్తున్నారో కారణం రాయమని. ఆయన క్షణం కూడా తడుముకోకుండా 'ఆపరేటర్ పొరపాటు' అని కొట్టసాగాడు.

పుష్పలత వంగి ట్యాబు లాక్కుంది.

"వద్దు మేడం. నాకెట్లనో ఒక మెమో వచ్చే ఉన్నది, అందుల్నే ఇది గూడ పోతది. మీదసలే కొత్త సర్వీసు."

"మీరు ఊరుకోండి సార్" అంది.  ఆయన రాసింది చెరిపేసి, 'ఇల్లు తెరిచే ఉంది. నేనే తప్పు రాశాను' అని కొట్టి, కింద తన పేరు పెట్టి పంపేసింది.

"ఏం రాస్తున్నవ్ బిడ్డా?" అడిగింది ఆదెమ్మ.

"నీ ఇంటికి తాళం ఉందని అబద్ధం రాశాను అవ్వా. దిద్దుతున్నాను."

ఆదెమ్మ తన తడికను ఒకసారి చూసుకుంది. తర్వాత పళ్లులేని నోటితో పడీ పడీ నవ్వింది. "నేను గూడ మా పగిడయ్య వస్తడని అబద్ధమే చెప్పిన గదనే! నీకు నాకు సరిపాయె, తియ్." పక్కనున్న ఆకులు జరిపి నేల మీద చోటు చూపించింది. "గట్ల నిలబడకు బిడ్డా. కూసో, నాలుగు కట్టలు కట్టిపో. ఈయన కట్టినయి నా పానం తీస్తున్నయి."

పుష్పలత చెప్పులు విడిచి కూర్చుంది.