తెగులు మడి

మా బావ, అంటే అక్క భర్త, ఉద్యోగమంతా కూరగాయల పరిశోధన కేంద్రంలో వంగ మొక్కల మధ్యే గడిపాడు. కొత్త వంగడాలు తయారు చేయడం ఆయన పని. ఒకటి బయటికి వచ్చినప్పుడు విలేకరిగా నేను పంపిన వార్త జిల్లా పేజీలో చెరకు రైతుల ధర్నా కింద ఇరుక్కుంది. ఎండు తెగులును తట్టుకునే వంగ మాత్రం రిటైరయ్యే నాటికి పూర్తి కాలేదు.

చోడవరం వచ్చాక బుచ్చయ్యపేట రోడ్డు పక్కన కాస్త నేల తీసుకున్నాడు. ఆ మట్టిలో తెగులుందని తెలిసే తీసుకున్నాడు. ఏటా నారు నాటి, నీళ్ళు పెట్టి, మందు వేయకుండా వదిలేసేవాడు. పొద్దున పచ్చగా ఉన్న మొక్క సాయంత్రానికి తల వాల్చేది. చివరికి నిలిచిన కొద్దిపాటి మొక్కల గింజలే మరుసటి ఏడు వేసేవాడు.

పక్క చెరకు తోట రైతు గట్టు మీద నిలబడి అనేవాడు: “మొక్కలు బతకాలని నాటేవోళ్ళని సూసేం గానీ, సావాలని నాటేవోడ్ని మిమ్మల్నే సూస్తన్నాం బాబూ.”

“సావనియ్యి. సావనిదేదో తెలాలనే నాటేను,” అనేవాడు బావ.

కిందటేడు నాట్లయ్యాక ఆయనకు కడుపులో నొప్పి మొదలైంది. విశాఖ ఆసుపత్రిలో డాక్టరు నాకు వరండాలో చెప్పిన సంగతి, బావ నా మొహం చూసే గ్రహించాడు. ఈ పంటే ఆయనకు ఆఖరిది. ఇందులో నిలిచిన మొక్కల గింజ తీస్తే పని పూర్తయినట్టే. అక్క ఒకరోజు ఆసుపత్రిలో, ఒకరోజు ఇంటి దగ్గర ఉండేది.

“ఏవోయ్ పేపరాయనా, ఎన్ని సచ్చేయో కనుక్కో,” అనేవాడు మంచం మీంచి.

ఇంటికి పంపేసిన రోజు కారు తిన్నగా మడి దగ్గరికే పోనిమ్మన్నాడు. మడి నిండా పచ్చగా ఉంది. ఒక్క ఖాళీ లేదు.

అక్క ఎదురొచ్చింది. “మీరు మంచాన పడ్డారు, ఇక్కడ ఇవి ఎండిపోతన్నాయి. సూడలేకపోయేను. రైతులొస్తే మీరు సెప్తారు కదా, మొక్క మొదట్లో బ్లీచింగ్ నీళ్ళు పొయ్యమని. అదే పోయించేను. సచ్చినవి పీకించి, మిగిలిన నారు పెట్టించేను.”

బావ నా భుజం పట్టుకుని సాళ్ళ మధ్య నడిచాడు. ఏది తనంతట తానే బతికిందో, ఏది మందుతో బతికిందో చెప్పే గుర్తేదీ మొక్క మీద ఉండదు. కిందటి పంట గింజ కొంచెం మిగిలే ఉంది. కానీ దాన్ని మళ్ళీ నాటి, మళ్ళీ చావనిచ్చి చూడ్డానికి ఆయనకు టైము లేదు.

“బాగా సేసేవు,” అన్నాడు అక్కతో. కారెక్కాక నాతో, “దానికి సెప్పకు,” అన్నాడు.

చెరకు కోతలకు ముందే పోయాడు. పండిన కాయల గింజలన్నీ అక్క కలిపి ఎండబెట్టి, పెద్దకర్మకు వచ్చినవాళ్ళకు పొట్లాలు కట్టి ఇచ్చింది. “ఆయన వంగ. తెగులు రాదు.”

పొట్లం తీసుకున్న చెరకు రైతు ఆ గింజలు బావ మడిలోనే వేశాడు. ఈ మధ్య అక్కతో అటు వెళ్ళాను. ఆమె కారు దిగేలోగా నేను గట్టెక్కాను. చెరకు రైతు పీకేసిన వంగ మొక్కలు అక్కడ కుప్పగా ఎండుతున్నాయి.

“సగం పైనే పోయేయి బాబూ,” అన్నాడు మెల్లగా.

వెనక రోడ్డు మీంచే అక్క కేకేసింది. “అన్నా, ఆయన మొక్కలెలాగున్నాయి?”

రైతు నావైపు చూశాడు. “బాగున్నాయమ్మా. ఇంకా పూత మీదున్నాయి.”

“అయితే కాయలు పడ్డాక వస్తాను,” అంది అక్క.